గీటురాయి మీద గాజు దీపం

మన సాహిత్య విమర్శలో 'వస్తువు' అనే మాటకు ఒక స్థిరమైన అర్థం ఉంది. కథలో వస్తువు ఏమిటి, కవితలో వస్తువుకు తగిన శిల్పం కుదిరిందా లేదా అని అడుగుతాం. ఇంట్లో వాడుకునే వస్తువును మాత్రం ఆ ప్రశ్న అడగం. కుర్చీ, చెంబు, దీపం కొంటాం, వాడతాం, పాతబడితే పాత సామాన్లవాడికి వేస్తాం. వాటి వెనక కూడా ఒక మనిషి ఆలోచన ఉందనీ, ఆ ఆలోచన మన బతుకుకు సరిపోయిందో లేదో గీటురాయి మీద గీసి చూడవచ్చుననీ అనుకోం. ఈ వ్యాసంలో నేను ఒక దీపాన్ని అలా గీసి చూడబోతున్నాను. అది మన దీపం కాదు, డెన్మార్కు దీపం. అయినా దాన్ని కోలారు జిల్లాలో కూర్చుని తూచే హక్కు మనకుంది. కరెంటుతో మన గనుల ఊరికి ఉన్న సంబంధం ఆ దీపం వయసుకంటే పాతది.

ముందు దీపం ఎలా ఉంటుందో చెప్పాలి. పైకప్పు నుంచి ఒక తీగ దిగుతుంది. దాని చివర పాలరంగు గాజుతో చేసిన మూడు డూములు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైది పెద్దది, నడిమిది చిన్నది, అడుగుది ఇంకా చిన్నది. మూడు గిన్నెలను బోర్లించి, మధ్యలో ఎడమిచ్చి పేర్చినట్టుంటుంది. బల్బు వాటి నడుమ ఉంటుంది. కానీ చుట్టూ ఎక్కడ కూర్చున్నా ఆ బల్బు మన కంటికి తగలదు. దీన్ని రూపొందించినవాడు పౌల్ హెన్నింగ్‌సెన్. ఆయన పేరులోని పొడి అక్షరాలతోనే దీన్ని 'పీహెచ్ దీపం' అంటారు. 1925లో పారిస్‌లో జరిగిన అలంకరణ కళల అంతర్జాతీయ ప్రదర్శనలో ఆయన దీపానికి బంగారు పతకం వచ్చింది. ఆ మరుసటి ఏడాది కోపెన్‌హాగెన్‌లోని 'ఫోరమ్' అనే పెద్ద ప్రదర్శనశాలకు దీపాలు అమర్చే పనిలో మూడు డూముల పద్ధతి స్థిరపడింది. లూయీ పౌల్సెన్ అనే డేనిష్ కంపెనీ ఈ కుటుంబానికి చెందిన దీపాలను ఇప్పటికీ తయారుచేస్తోంది.

సాహిత్య పత్రిక చదివేవారికి హెన్నింగ్‌సెన్ మీద ఆసక్తి కలగడానికి ఇంకో కారణం ఉంది. ఆయన మన జాతి మనిషి, అంటే చిన్న పత్రిక మనిషి. 1894లో పుట్టాడు. తల్లి ఆగ్నెస్ హెన్నింగ్‌సెన్ నవలా రచయిత్రి. ఆయన వాస్తుశిల్పం చదివాడు గాని పట్టా దాకా వెళ్ళలేదు. 1926 నుంచి 1928 వరకు 'క్రిటిస్క్ రెవ్యూ' అనే విమర్శ పత్రికకు సంపాదకుడు. పత్రిక బతికింది మూడేళ్ళే. ఆ మూడేళ్ళలోనే డెన్మార్కులో ఇళ్ళ గురించీ, సామాన్ల గురించీ, నగరాల గురించీ మాట్లాడే తీరును మార్చింది. ఆయన రంగస్థల ప్రదర్శనలకు పాటలు రాశాడు, 1935లో తన దేశం మీద ఒక డాక్యుమెంటరీ సినిమా తీశాడు, సంస్కృతి ఎవరిదని నిలదీస్తూ 1933లో ఒక పుస్తకం వేశాడు. వామపక్ష భావాలవాడు. జర్మనీ సైన్యం డెన్మార్కును ఆక్రమించుకున్న కాలంలో, కోపెన్‌హాగెన్‌లోని టివోలీ ఉద్యానానికి ఆకాశంలోని విమానాలకు కనపడకుండా నేలమీద మాత్రమే వెలుతురు పరిచే దీపాలు చేసిపెట్టాడు. 1943లో స్వీడన్‌కు తప్పించుకుపోవలసి వచ్చింది. 1967లో మరణించాడు. దీపాల వల్ల పేరు వచ్చింది గాని, మనిషి స్వభావరీత్యా విమర్శకుడు. ఆయన దీపం కూడా ఒక విమర్శ వ్యాసమే. గాజుతో రాసింది.

ఆ వ్యాసం దేనిమీద? కరెంటు బల్బు మీద. హెన్నింగ్‌సెన్ చిన్నతనం కిరసనాయిలు దీపాల కాలంలో గడిచింది. ఆ దీపం మంట పెద్దగా ఉంటుంది, మెత్తగా ఉంటుంది, పచ్చగా ఉంటుంది. దానివైపు చూసినా కళ్ళు చెదరవు. తర్వాత కరెంటు వచ్చింది. వెంట్రుకలాంటి తీగలోంచి అంత వెలుగూ ఒక్కచోట నుంచి పొడుచుకొస్తుంది. జనం సంబరపడి ఆ బల్బును ఉన్నది ఉన్నట్టుగా నడి గదిలో వేలాడదీశారు. రాత్రిపూట ట్రాము పై అంతస్తులో కూర్చుని పోతూ మొదటి అంతస్తు ఇళ్ళలోకి చూస్తే, ఆ దీపాల కింద మనుషుల ముఖాలు, గదులు ఎంత దీనంగా ఉన్నాయో అని ఆయన వాపోయాడు. గదికి సరైన వెలుతురు పెట్టడానికి డబ్బు అక్కరలేదనీ, కావలసింది సంస్కారమనీ ఆయన వాదన. ఆ వాదనను లెక్కతో రుజువు చేయడానికి కూర్చున్నాడు.

ఆ లెక్క ఇది. నత్తగుల్ల మెలిక మనకు తెలుసు. మధ్యనుంచి బయటికి పోతూ క్రమంగా వెడల్పయ్యే మెలిక. గణితంలో దానికొక గుణం ఉంది. మధ్య బిందువు నుంచి ఎటు గీత గీసినా, ఆ గీత మెలికను ఒకే కోణంలో తాకుతుంది. హెన్నింగ్‌సెన్ తన డూముల వంపును ఆ మెలికలోంచి తీసుకున్నాడు. మధ్య బిందువులో బల్బు తీగను పెట్టాడు. దాంతో మూడు డూముల మీద ఎక్కడ పడిన కిరణమైనా ఒకే వాలులో పడుతుంది. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కాకుండా సమంగా చెదిరి కిందికి దిగుతుంది. గాజు మూడు పొరల పాల గాజు. పనివాడు నోటితో ఊది చేస్తాడు. పైవైపు నున్నగా మెరుస్తుంది. లోపలివైపు ఇసుకను గాలితో కొట్టి గరుకుచేస్తారు. ఆ గరుకుదనం వల్ల వెలుతురు మెత్తబడుతుంది. గాజు కాబట్టి వెలుతురులో కొంత డూములోంచి బయటికి కూడా వడపోసినట్టు వస్తుంది. అందువల్ల పైకప్పు మరీ నల్లబడదు. అదే డూమును రాగిరేకుతోనో ఇనుపరేకుతోనో చేస్తే కింద మాత్రమే వెలుతురు, పైనంతా చీకటి. గాజు ఎంచుకోవడంలో ఉన్న తెలివి అక్కడుంది.

ఇక్కడ మన భాష నాకు అక్కరకొస్తోంది. తెలుగులో 'వెలుగు' ఒక మాట, 'వెలుతురు' ఇంకో మాట. నిఘంటువులో రెండూ ఇంచుమించు ఒక్కటే కావచ్చు. వాడుకలో కావు. దీపం వెలుగుతుంది. ఇంట్లో వెలుతురు ఉంటుంది. వెలుగు దీపానిది, వెలుతురు గదిది. 'ఆ ఇంట్లో వెలుతురు లేదు' అంటే అక్కడ దీపం లేదని కాదు, కిటికీ లేదని కావచ్చు. హెన్నింగ్‌సెన్ చేసినదంతా ఈ రెండు మాటల తేడాలో ఇమిడిపోతుంది. ఆయన వెలుగును దాచి వెలుతురును ఇచ్చాడు. దీపం చూడడానికి కాదు, దీపంతో చూడడానికి అన్నాడు. డేనిష్ భాషలో ఆయన వ్యాసాలు రాసి చెప్పవలసి వచ్చిన విషయం మన పెద్దవాళ్ళ నోట్లో రెండు మాటలుగా సిద్ధంగా ఉంది. మాట ఉండి కూడా మనం వస్తువును చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో ఆలోచించాలంటే మన కరెంటు కథలోకి పోవాలి.

1902 జూన్ 30న శివనసముద్రం దగ్గర కావేరి జలపాతం నుంచి పుట్టిన కరెంటు 92 మైళ్ళు ప్రయాణం చేసి కోలారు బంగారు గనులకు చేరింది. ఆ రోజుల్లో ప్రపంచంలోనే అంత దూరం కరెంటు పంపిన చోట్లు చాలా తక్కువ. ఈ పథకానికి రూపకల్పన చేసినవాడు మైసూరు ఇంజనీరుగా పనిచేసిన జాలీ డి లాట్‌బినియర్. వెనక నిలిచినవాడు దివాను శేషాద్రి అయ్యరు. ఆయన 1901 సెప్టెంబరులోనే చనిపోయాడు, కరెంటు రావడం చూడలేదు. ఆ కరెంటు ఎవరికోసం వచ్చింది? జాన్ టేలర్ అండ్ సన్స్ నడిపే గనుల యంత్రాలకోసం. రాయి దంచే మిల్లులు, గాలి పంపే యంత్రాలు, కేజీలు లాగే యంత్రాలు, నీళ్ళు తోడే పంపులు. బెంగుళూరు నగరంలో కరెంటు దీపాలు వెలిగింది ఆ తర్వాత మూడేళ్ళకు, 1905 ఆగస్టులో. అంటే మన గనులలో కరెంటు తిరిగేనాటికి బెంగుళూరు వీధుల్లో నూనె దీపాలే. ఈ మాటను మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. నిజమే, చెప్పుకోవలసిందే. కాని గర్వంతోపాటు ఒక ప్రశ్న కూడా అడగాలి. 92 మైళ్ళ పొడవునా ఆ తీగల కింద ఉన్న పల్లెల్లో ఆ రాత్రి ఏ దీపం వెలిగింది? ఆముదపు దీపమో, కిరసనాయిలు బుడ్డో. కరెంటు వాళ్ళ తలమీదుగా పోయి భూమి కింద బంగారాన్ని వెతికింది.

హెన్నింగ్‌సెన్ మూడు డూముల దీపం కంటే ఇది ఇరవై నాలుగేళ్ళు ముందు. కరెంటు మనకూ అప్పటికే వచ్చింది, కరెంటు వెలుతురు గురించిన ఆలోచన మాత్రం డెన్మార్కులో ముందు పుట్టింది. కారణం తెలివితేటలు కాదు. వాళ్ళకు కరెంటు ఇంటి సామానుగా వచ్చింది, మనకు గని సామానుగా వచ్చింది. ఇంట్లోకి వచ్చినదాన్నే మనిషి సణుగుతాడు, మారుస్తాడు. గనిలోకి వచ్చినదాన్ని కంపెనీ ఎలా పెడితే అలా ఒప్పుకుంటాడు.

గనిలో దీపం సంగతి వేరే చెప్పాలి. మొదట్లో కొవ్వొత్తి, తర్వాత కార్బైడు దీపం, ఆ తర్వాత నెత్తిన టోపీకి తగిలించుకునే బ్యాటరీ దీపం. బొగ్గు గనుల్లో అయితే మండే గ్యాసు భయంతో మంటను జాలీలో మూసిపెట్టాలి. మన బంగారు గనుల్లో ఆ బాధ ఎక్కువగా లేదు, కాబట్టి బయటి మంటే నడిచింది. ఛాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్లు దాటింది. అక్కడ రాతి వేడి అరవై డిగ్రీల సెంటిగ్రేడ్ పైన ఉండేది. ఆ చీకట్లో టోపీ దీపం పరిచేది ఒక చేట వెడల్పు వెలుతురు. పనివాడు తల ఎటు తిప్పితే ప్రపంచం అటు మాత్రమే ఉంటుంది. ఎదుటివాడితో మాట్లాడాలంటే తల కొంచెం పక్కకు వంచాలి, లేకపోతే అతని కళ్ళలో దీపం పొడుస్తుంది. వెలుగు ఎదుటివాడి కంట్లో పొడవకూడదు అన్న హెన్నింగ్‌సెన్ సూత్రాన్ని మన గని కార్మికుడు మెడ వంచి పాటించాడు. ఆయనకు అది గణితం, ఇతనికి మర్యాద.

ఆ లోతు చీకట్లోనే ఇంకో దీపం కథ నడిచింది. 1965లో టాటా పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయాల వారితో కలిసి, ఛాంపియన్ రీఫ్ దగ్గర భూమికి రెండు కిలోమీటర్లకు పైగా అడుగున న్యూట్రినో అనే సూక్ష్మకణాల జాడ పట్టారు. అందుకు వాడినవాటిలో నియాన్ వాయువు నింపిన గాజు గొట్టాలు ఉన్నాయి. కణం పోయిన దారిలో ఆ గొట్టాలు లిప్తపాటు వెలిగేవి. ప్రపంచం మొత్తంలో అంత గాఢమైన చీకటి కావలసివచ్చి వాళ్ళు మన ఊరికి వచ్చారు. మన జిల్లా ప్రపంచ విజ్ఞానానికి ఇచ్చినవాటిలో బంగారం ఒకటైతే, చీకటి ఇంకొకటి. చీకటి విలువ తెలిసిన ఊరు మనది. దీపాన్ని తూచే అర్హత మనకుందని మొదట్లో అన్నది అందుకే.

ఇప్పుడు ఆ గాజు దీపాన్ని మన ఇంట్లో వేలాడదీసి చూద్దాం. నా అభ్యంతరాలు మూడు.

మొదటిది. మనకు దీపం అంటే కేవలం వెలుతురు కాదు. సందెవేళ దీపం పెట్టగానే చేతులు జోడిస్తాం. కార్తీకమాసంలో ధ్వజస్తంభానికి ఆకాశదీపం కడతాం. గర్భగుడిలో గొలుసుకు వేలాడే దీపం గుడ్డి వెలుతురే ఇస్తుంది, అయినా దాన్నే చూస్తాం, దాని వెలుతురులో దేవుణ్ణి చూస్తాం. దీపం ఆరిపోయిందనడానికి నోరు రాక 'కొండెక్కింది' అనే జాతి మనది. ఇలాంటి జాతికి 'దీపం కనపడకూడదు' అనే సూత్రం సగమే నప్పుతుంది. హెన్నింగ్‌సెన్ కిరసనాయిలు దీపపు మెత్తదనాన్ని కరెంటులోకి తెచ్చాడు గాని, మంటను తేలేదు. తేవాలని అనుకోలేదు. ఆయన కొట్టివేసింది కరెంటు బల్బు పొగరునే, దీపం ముఖాన్ని కాదు అని ఆయన తరపున ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదన న్యాయమే. మనం తేల్చుకోవలసింది ఏమిటంటే, మనింట్లో రెండు రకాల దీపాలు ఉండాలి. చూసే దీపం ఒకటి, దానితో చూసే దీపం ఒకటి. ప్రమిద మొదటిది. రెండోదాని గురించే మనం ఆలోచించడం మానేశాం.

రెండోది. ఈ దీపం వెనక ఒక బల్ల ఉంది. ఉత్తరదేశపు చలికాలం. డిసెంబరులో కోపెన్‌హాగెన్‌లో పగలు ఏడు గంటలే, మధ్యాహ్నం మూడున్నర దాటగానే పొద్దు వాలిపోతుంది. ఇంటిల్లిపాదీ ఒక బల్ల చుట్టూ చేరతారు. ఆ బల్ల మీదికి కిందుగా దిగిన దీపం ఇది. బల్లమీద వెలుతురు, చుట్టూ మసక, ఆ మసకలో మనుషులు దగ్గరవుతారు. మన సంగతి వేరు. కోలారులో ఏ కాలమైనా పగలు పదకొండు గంటలకు తగ్గదు. పొద్దు గుంకాక సంధ్య ఎక్కువసేపు నిలవదు, చీకటి గబుక్కున పడుతుంది. మన ఇళ్ళలో ఒకే గది పగలు కూర్చునే గది, రాత్రి తినే గది, ఆ తర్వాత చాప పరిచితే పడుకునే గది. కిందుగా వేలాడే దీపం లేచి నిలుచున్నవాడి నుదుటికి తగులుతుంది. గది నడిమి కొక్కెం ఎలాగూ ఫ్యానుది. ఫ్యానుకు పైన దీపం పెడితే రెక్కల నీడ గదంతా గిరగిర తిరుగుతుంది. అందుకే మన దీపం గోడకెక్కింది, ట్యూబులైటు అయింది. అంటే డేనిష్ దీపాన్ని తెచ్చి తగిలించుకోవడం మనకు జవాబు కాదు. బల్ల లేని ఇంటికి, నేలమీద కూర్చునే మనుషులకు, ఫ్యాను ఉన్న కప్పుకు ఎవరైనా మళ్ళీ మొదటినుంచి లెక్క కట్టాలి. హెన్నింగ్‌సెన్ నుంచి తీసుకోవలసింది డూము కాదు, లెక్క కట్టే పట్టుదల.

మూడోది ధర. ఇది అన్నిటికంటే పెద్దది. ఆయన తన పత్రికలో కళాకారులను ఎంత కడిగేశాడంటే, డబ్బున్నవాళ్ళకోసం అపురూపమైన చెత్త చేస్తున్నారు గాని మామూలు మనిషి నీళ్ళు తాగడానికి సరైన గ్లాసు, తినడానికి సరైన పళ్ళెం చేయడం లేదే అని నిలదీశాడు. అలా నిలదీసినవాడి గాజు దీపం ఇవాళ మన దగ్గర ఒక గుమాస్తా నెల జీతం పెట్టినా రాదు. సంపన్నుల పత్రికల్లో, పెద్ద హోటళ్ళలో, గొప్ప ఇళ్ళ భోజనబల్లల మీద అది హోదాకు గుర్తుగా వేలాడుతోంది. చూడడానికి కాదు, దానితో చూడడానికి అని చేసిన దీపాన్ని ఇప్పుడు అందరూ చూడడానికే కొంటున్నారు. నోటితో ఊదిన గాజుకు ఖర్చు ఉంటుంది, పనివాడి కూలి ఉంటుంది, అది ఒప్పుకోవాలి. అయినా తన దీపానికి పట్టిన ఈ గతి ఆయన సిద్ధాంతానికి తగిలిన దెబ్బ. తక్కువ ఖర్చుతో లోహంతో చేయగల దీపాలు ఆయన చేయకపోలేదు. 1958లో చేసిన 'పీహెచ్ 5' అలాంటిదే. బల్బుల కంపెనీలు ఏటికేడు బల్బు ఆకారం మారుస్తుంటే విసిగి, ఏ బల్బు పెట్టినా కంట్లో పొడవని దీపంగా దాన్ని చేశాడు. డెన్మార్కులో అది మామూలు ఇళ్ళలోకి బాగా పోయింది. సముద్రం దాటేసరికి అదీ విలాసవస్తువే అయింది.

ఖరీదైనదాని పక్కనే దాని నకలు కూడా ఉంటుంది. బెంగుళూరులో ఒక దీపాల దుకాణంలో ఈ మూడు డూముల దీపానికి నకలు చూశాను. తర్వాత మన జిల్లాలోనే ఒక కొత్త ఇంట్లో వెలుగుతుండగా చూశాను. మూడు డూములూ ఉన్నాయి, పాలరంగూ ఉంది. కాని సోఫాలో కూర్చున్న నా కళ్ళలోకి బల్బు సూటిగా పొడుస్తోంది. హోల్డరు ఉండవలసిన చోటుకంటే కిందికి దిగింది. మెలిక మధ్య బిందువులో ఉండవలసిన వెలుగు మధ్య బిందువులో లేదు. పైగా వేసింది తెల్లని ఎల్‌ఈడీ బల్బు. పాత బల్బులో వెలుగు తీగనుంచి చుట్టూ పోయేది, ఇందులో చాలావరకు ముందుకే పోతుంది. డూములు ఒకదాని తర్వాత ఒకటి ఊరికే వేలాడుతున్నాయి, వాటికి పని లేదు. దీన్ని చూస్తే మన సాహిత్యంలో కొన్ని దశలు గుర్తొచ్చాయి. పై దేశంలో ఒక కవి ఏదో బాధతో, ఏదో లెక్కతో పాదాలు విరిచి రాస్తాడు. మనం విరిచిన పాదాలను దిగుమతి చేసుకుంటాం, బాధను రేవులోనే దించేస్తాం. రూపం నకలు చేయడం సులువు, ఆ రూపం ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో ఆ ప్రశ్నను మన ఇంట్లో అడగడం కష్టం.

నా మాట వినేవారికి మనదే ఒక మంచి దీపాన్ని గుర్తుచేస్తాను. రైల్వే ప్లాట్‌ఫారాల మీద, వర్క్‌షాపుల్లో, పాత అంగళ్ళలో వేలాడిన ఎనామెల్ రేకు షేడు. పైన ఆకుపచ్చో నీలమో, లోపల తెలుపు. పళ్ళెం బోర్లించినట్టుంటుంది. దాన్ని ఎవరు రూపొందించారో ఎవరూ అడగరు. ఏ ప్రదర్శనలోనూ పతకం రాలేదు. కాని బల్బును పక్కనుంచి కొంతవరకు దాస్తుంది, లోపలి తెలుపుతో వెలుతురును కిందికి తోస్తుంది, వానకు చెడదు, పగలదు. హెన్నింగ్‌సెన్ దీపానికి అది పేద చుట్టం. దానికి గాజు మెత్తదనం లేదు, పైకప్పును చీకట్లో వదిలేస్తుంది. ఆ రెండు లోపాలూ దిద్దుకుంటూ పోయి ఉంటే మనకూ ఒక దీపం తయారై ఉండేది. బదులుగా ఆ షేడును పాతదని తీసిపారేసి వట్టి ట్యూబు బిగించుకున్నాం. గాజు పనికి కొదవ ఉన్న దేశం కాదు మనది. గాజు అనే మాటే మనకు చేతిగాజుకూ చిమ్నీ గాజుకూ ఒక్కటి. ఫిరోజాబాదులాంటి ఊళ్ళే ఉన్నాయి. కొదవ ఉన్నది అడిగేవాళ్ళకు.

ఇదంతా అందం గురించిన గొడవ అని ఎవరైనా తోసిపారేస్తే నేను ఒప్పుకోను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. పంపులు ఆగాయి, షాఫ్టుల్లో నీళ్ళు నిండాయి. అప్పటినుంచి మన ఊళ్ళ మనుషుల్లో చాలామందికి పని బెంగుళూరులో. మారికుప్పం నుంచీ, బంగారుపేట నుంచీ తెల్లవారకముందే రైలెక్కుతారు. రాత్రి చీకటి పడ్డాక దిగుతారు. వాళ్ళు తమ ఇంటిని పగటి వెలుతురులో చూసేది ఆదివారమే. భార్య ముఖం, బిడ్డ పుస్తకం, తల్లి చేతి వణుకు, పళ్ళెంలో ముద్ద, అన్నీ వాళ్ళకు దీపం వెలుతురులోనే తెలుసు. వెనకటి తరం గనిలోకి దిగి పగలు పోగొట్టుకుంది, ఈ తరం రైలెక్కి పోగొట్టుకుంటోంది. ఇలాంటి మనిషికి ఇంట్లో దీపం అలంకారం కాదు, అతనికి మిగిలిన సూర్యుడు అదే. ఆ సూర్యుడు ఆఫీసు గోడకున్న తెల్లని ట్యూబులాగే కళ్ళలో పొడుస్తుంటే, అతను ఇల్లు చేరినట్టా, ఇంకో ఆఫీసుకు వచ్చినట్టా?

ఇందులో మన భాష సంగతి కూడా ఉంది. కోలారు జిల్లా తెలుగువాడు బడిలో కన్నడం చదువుతాడు. గనుల ఊళ్ళో అరవం వింటాడు, మాట్లాడతాడు. బెంగుళూరు ఉద్యోగంలో ఇంగ్లీషు. ఇల్లు చేరాక, దీపం పెట్టాక తెలుగు. మన తెలుగు దీపం వెలుతురులో బతుకుతున్న భాష. దాన్ని వేదికలెక్కి వెలిగించాలని చూసేవాళ్ళున్నారు, సంతోషమే. కాని భాషకు కూడా వెలుగుకంటే వెలుతురు ముఖ్యం. నలుగురు కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకోగల గది ఉంటే భాష తనంతట తానే బతుకుతుంది. ఆ గదిలో ట్యూబులైటు గుయ్‌మంటూ, టీవీ తెర ఒక్కటే అందరి ముఖాల మీద నీలంగా పడుతూ ఉంటే, మాట్లాడుకునేందుకు ఎవరికీ ఎవరూ కనపడరు.

చేయగలిగింది ఏమిటని అడిగితే, హెన్నింగ్‌సెన్ చెప్పినట్టు అందుకు డబ్బు పెద్దగా అక్కరలేదు. 2015లో మొదలైన ఉజాలా పథకం తర్వాత ఎల్‌ఈడీ బల్బు చవకైంది, కరెంటు ఖర్చు తగ్గింది. అదే అంగట్లో పచ్చని వెలుతురు బల్బు కూడా దొరుకుతుంది, అడిగితే ఇస్తారు. గది మొత్తానికీ ఒకే పెద్ద దీపం బదులు, పిల్లవాడు చదివే చోట ఒకటి, అన్నం తినే చోట ఒకటి, చిన్నవి రెండు పెట్టుకోవచ్చు. బల్బు కంటికి తగలకుండా రేకు షేడో, పాల గాజు డూమో, ఏదో ఒకటి దానిమీద బోర్లించవచ్చు. నేలమీద కూర్చుని ఒకసారి, నిలుచుని ఒకసారి చూసి దాని ఎత్తు సరిచేసుకోవచ్చు. ఇంత చేస్తే పీహెచ్ దీపంలోని అసలు బంగారం మనకు దక్కినట్టే. మిగిలింది గాజు.

అందుచేత నా తీర్పు ఇది. ఆ డేనిష్ దీపం గొప్ప వస్తువు. గొప్పతనం దాని అందంలోకంటే దాని మర్యాదలో ఉంది. తాను వెనక్కి తగ్గి మనుషులను ముందుకు తెస్తుంది. మన ఇంటికి అది యథాతథంగా పనికిరాదు, దాని ధర దాని ఆశయానికే ద్రోహం. దాని నకలు మరీ పనికిరాదు. కాని అది వేసే ప్రశ్న మాత్రం మన గుమ్మంలో నిలబడే ఉంది. నూట ఇరవై ఏళ్ళకు పైగా కరెంటు చూసిన జిల్లా మనది. మన ఇంట్లో వెలుగుకు లోటు లేదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. ముందు ఆ దీపాన్నే చక్కబెట్టుకుంటే, తక్కిన ఇల్లు ఎలా ఉందో మన కంటికి ఆనుతుంది.